‘మావోడికి ధైర్యం చాలదు మేడం’: పిల్లల ఆత్మవిశ్వాసంలో కలిసిపోయిన రెండు సంగతులు

పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల తర్వాత ఎక్కువగా వినబడే మాట ఇది. ‘మావోడికి ధైర్యం చాలదు మేడం. నలుగురిలో నోరు తెరవడు. రోంత కాన్ఫిడెన్స్ వచ్చేట్టు చూడండి.’ అనంతపురం చుట్టుపక్కల ఏ బడిలో కూర్చున్నా ఇదే వరస. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పుడు, ఎన్నడూ బడి గడప తొక్కని నాన్నలు కూడా వచ్చి ఇదే అడిగారు. అడగడం మంచిదే. అయితే పిల్లవాణ్ణి పక్కనే నిలబెట్టుకుని అడుగుతారు. అడిగి ఊరుకోరు, ‘వీడు ఉట్టి దద్దమ్మ. మా అన్న కొడుకు చూడండి, ఇంగ్లీషులో దడదడ మాట్లాడతాడు’ అని కలుపుతారు.

అట్లా దద్దమ్మ అనిపించుకున్న ఒక ఏడో తరగతి పిల్లవాడు అమ్మ మాట్లాడినంతసేపూ తల వంచుకుని బెంచీ అంచు గోటితో గీకుతూ నిలబడ్డాడు. నేను ఏదో అడిగితే పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. ఆ వారమే సంతలో వాణ్ణి మళ్ళీ చూశాను. పట్టా మీద టమోటాలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్టలు. అమ్మ టీ తాగడానికి పోయింది, అంగడి వాడి చేతిలో ఉంది. ఒకామె ముప్పావు కిలో టమోటా, పావు కిలో మిరపకాయ తీసుకుని వంద నోటు ఇచ్చింది. టమోటా కిలో 24, మిరపకాయ 60. కాగితం లేదు, ఫోను లేదు. ‘ముప్పై మూడక్కా’ అన్నాడు. అరవై ఐదు చేతిలో పెట్టి, ‘రెండ్రూపాయలు చిల్లర లేదు, కొత్తిమీర తీస్కో’ అని కట్ట ఆమె సంచిలో వేశాడు. ఆమె వాడిపోయిన కట్ట ఇచ్చావని గొడవ పెట్టుకుంటే నవ్వుతూ ఇంకోటి మార్చి ఇచ్చాడు.

ఈ పిల్లవాడికి ధైర్యం లేదా? ఉంది, చాలా ఉంది. బడిలో లేదు. పిల్లల మనసు మీద పనిచేసిన అమెరికా పరిశోధకురాలు సుసాన్ హార్టర్ 1980ల నుంచి చెబుతూ వచ్చింది ఇదే. పిల్లలు తమ గురించి తాము వేసుకునే అంచనా చదువులో ఒకటి, ఆటలో ఒకటి, స్నేహాల్లో ఒకటి, రూపం విషయంలో ఒకటిగా ఉంటుంది. దాదాపు ఎనిమిదేళ్ళ వయసు దాకా పిల్లలు అన్నీ తమకు వచ్చనే అనుకుంటారు. అంగన్‌వాడీ పిల్లల్ని ‘ఎవరికి పరుగెత్తడం బాగా వచ్చు’ అని అడిగితే అన్ని చేతులూ లేస్తాయి. ఆ తర్వాత పక్కవాళ్ళతో పోల్చుకోవడం మొదలవుతుంది. ‘మొత్తం మీద నేను ఎట్లాంటి మనిషిని’ అన్న తీర్పు కూడా అప్పుడే లోపల కూడుకుంటుంది. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల ముందు మనం వాడే మాటలకు అందుకే అంత బరువు.

రెండు వేర్వేరు ఆకళ్ళు

ఆత్మవిశ్వాసం అని మనం ఒకే మూట కట్టేసిన దాంట్లో రెండు సంగతులున్నాయి. ‘నేను ఎట్లున్నా ఈ ఇంటికి కావలసినవాణ్ణే’ అనే నమ్మకం ఒకటి. తనను తాను ఇష్టపడటం అంటే ఇదే. ఇది పిల్లవాడు సంపాదించుకోవలసింది కాదు, పుట్టగానే అందవలసింది. ‘ఈ పని నేను చేయగలను’ అనేది రెండోది. దీన్ని ఎంత ప్రేమ ఉన్నా ఎవరూ చేతిలో పెట్టి ఇవ్వలేరు. పిల్లవాడు ఆ పని చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి తెచ్చుకోవలసిందే.

మన ఇళ్ళల్లో జరిగే నష్టం చాలావరకు ఈ రెండూ తారుమారు కావడం వల్లేనని నా గట్టి నమ్మకం. ఊరికే ఇవ్వవలసిన ప్రేమకేమో షరతు పెడతాం. మార్కులొస్తే దగ్గరికి తీసుకుంటాం, తగ్గితే రెండు రోజులు మాట్లాడం. పని చేయించి తెప్పించవలసిన ధైర్యాన్నేమో పొగడ్తతో ఊరికే ఇచ్చేయాలని చూస్తాం. ‘నువ్వు సూపర్ రా, నీకేం తక్కువ’ అంటాం, పాలప్యాకెట్ తీసుకురమ్మని మాత్రం పంపం. ఇట్లా పెరిగిన పిల్లలకు రెండు ఆకళ్ళూ తీరవు.

పొగిడితే వచ్చే ధైర్యం ఎంతసేపు

ఈ చిక్కు మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో జాన్ వాస్కోన్సెలోస్ అనే శాసనసభ్యుడి పట్టుదలతో ఆత్మగౌరవం మీద ఏకంగా ఒక ప్రభుత్వ కమిటీ వేసింది. మనుషులకు తమ మీద తమకు గౌరవం పెంచితే నేరాలు, మత్తు అలవాట్లు, చదువు మానేయడం అన్నీ తగ్గుతాయని వాళ్ళ ఆశ. 1990లో నివేదిక వచ్చింది. బడుల్లో ‘నేను ప్రత్యేకం’ తరహా పాఠాలు, అందరికీ బహుమతులు, తప్పు పట్టని టీచర్లు, ఇదంతా ఆ గాలిలో పెరిగింది. 2003లో రాయ్ బామైస్టర్, ఆయన తోటి పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే కథ వేరుగా తేలింది. ఆత్మగౌరవం పెంచినందువల్ల చదువు బాగుపడుతుందనడానికి ఆధారం దొరకలేదు. చదువు బాగుపడితే ఆత్మగౌరవం పెరగడం మాత్రం కనబడింది. గొప్ప ఆశయంతో బండిని ఎద్దుల ముందు కట్టారన్న మాట. అదే పద్ధతి ఇప్పుడు మన ఊళ్ళలో ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ క్లాసుల పేరుతో ఫీజులు తీసుకుని నడుస్తోంది, అందుకే ఈ పాత కథ చెప్పవలసి వచ్చింది.

పొగడ్త మీద జరిగిన ప్రయోగాల్లో బాగా పేరుపడింది 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ చేసింది. ఐదో తరగతి పిల్లలకు బొమ్మల పజిళ్ళు ఇచ్చారు. అవి అయ్యాక కొందరితో ‘నువ్వు తెలివైనదానివి’ అన్నారు, కొందరితో ‘బాగా కష్టపడ్డావు’ అన్నారు. తేడా ఆ ఒక్క మాటే. తర్వాత కావాలనే కష్టమైన పజిళ్ళు ఇచ్చి అందరూ ఓడిపోయేట్టు చేశారు. చివర్లో మళ్ళీ మొదటిలాంటి తేలికవి ఇచ్చారు. తెలివైనవాళ్ళని అనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డారని అనిపించుకున్నవాళ్ళు ఎక్కువ చేశారు. నన్ను బాగా కదిలించింది ఇంకొక సంగతి. మీకు ఎన్ని వచ్చాయో రాయమంటే, తెలివైనవాళ్ళని పొగిడిన గుంపులో దాదాపు పదిమందిలో నలుగురు లేని మార్కులు వేసుకున్నారు. ఒక్క మాటతో పిల్లల్ని అబద్ధంలోకి నెట్టినట్టయింది. ఎందుకంటే మార్కులు వచ్చినందువల్ల తెలివైనవాణ్ణి అయితే, మార్కులు పోతే తెలివితక్కువవాణ్ణే కదా. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చే పిల్లలను తిట్టే ముందు ఈ ప్రయోగం గుర్తు చేసుకోవాలి.

ఇదొక మంత్రమని మాత్రం అనుకోకూడదు. ‘ప్రయత్నంతో మెదడు పెరుగుతుంది’ అనే పాఠాన్ని అమెరికాలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. చదువులో వెనకబడ్డవాళ్ళకు కొంత మేలు జరిగింది, అది కూడా చిన్న మేలు. ‘కష్టపడ్డావు’ అని పొద్దస్తమానం అంటూ, రాని లెక్కను ఎట్లా చేయాలో చూపించకపోతే అదీ ఉట్టి పొగడ్తే అవుతుంది. కష్టపడినా రాని పిల్లవాడికి కావలసింది ఇంకో పద్ధతి, పక్కన కూర్చునే ఇంకో మనిషి.

ఎక్కువ పొగడ్త ఎవరికి చేటు చేస్తుందో నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమ్మెల్‌మన్ 2014లో చూపించాడు. పిల్లలు వేసిన బొమ్మను చూసి కొందరితో ‘బాగా వేశావు’ అన్నారు, కొందరితో ‘మహా అద్భుతంగా వేశావు’ అన్నారు. తమ మీద తమకు చిన్నచూపు ఉన్న పిల్లలు ‘మహా అద్భుతం’ విన్నాక తర్వాతి కష్టమైన బొమ్మ జోలికి పోకుండా తేలికది పట్టుకున్నారు. ఆ పేరు నిలబెట్టుకోలేమనే భయం. పెద్దవాళ్ళేమో సరిగ్గా ఆ పిల్లలకే, పాపం చిన్నబుచ్చుకున్నారని, ఎక్కువ పొగడ్తలు గుప్పిస్తారని కూడా అదే పరిశోధనలో తేలింది.

దిష్టి భయం, పొగరు భయం

ఇక్కడ మన అవ్వలు అడ్డొస్తారు. ‘ఎదురుగా పొగడొద్దు, దిష్టి తగులుతాది. పొగిడితే పిల్లలకు పొగరెక్కుతాది.’ సీమ ఇళ్ళల్లో ప్రేమంతా పిల్లలు నిద్రపోయాక చెప్పుకుంటారు. నాన్న తన కూతురి గురించి టీకొట్టు దగ్గర పదిమందికి గొప్పగా చెబుతాడు, కూతురికి మాత్రం ఆ మాట ఒక్కటి కూడా చేరదు. ఎదిగిన తర్వాత ‘మా నాయన నన్ను ఒక్కసారి కూడా బాగుందమ్మా అనలేదు’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆడపిల్లలను నేను చూశాను. నాన్న పోయిన తర్వాత ఎవరో స్నేహితుడు చెబితే తెలుస్తుంది, ఆయన జేబులో ఈమె రిజల్ట్ కాగితం మడతపెట్టుకుని తిరిగాడని.

అవ్వ భయంలో సగం నిజం ఉంది. అదే డచ్ పరిశోధకుడు 2015లో 565 మంది పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను ఆరు నెలలకొకసారి చొప్పున గమనించి రాసింది చూడండి. ‘మా బిడ్డ మిగతా పిల్లలకంటే గొప్ప’ అని పెంచితే పిల్లల్లో ‘నేను అందరికంటే ఎక్కువ’ అనే ధోరణి పెరిగింది. తమ మీద తమకు గౌరవం పెరగలేదు. గౌరవం పెరిగింది ప్రేమగా దగ్గరికి తీసుకున్న ఇళ్ళల్లో, ‘అమ్మానాన్నలకు నేనంటే ఇష్టం’ అని పిల్లలు చెప్పిన ఇళ్ళల్లో. అంటే పొగరు, ఆత్మగౌరవం ఒకే చెట్టుకు కాయవు. పోలిక నుంచి ఒకటి వస్తుంది, ఆప్యాయత నుంచి ఇంకొకటి. కాబట్టి అవ్వ కోరిక ప్రకారమే పొగడ్త తగ్గించవచ్చు, ఆప్యాయత దాచవలసిన పని మాత్రం లేదు. ‘వచ్చినావా నాయనా, రా, కాళ్ళు కడుక్కో, తిందువు’ అని బడి నుంచి వచ్చిన పిల్లవాడికి చెప్పే అవ్వ, మార్కుల మాట ఎత్తకుండానే వాడికి కావలసింది ఇచ్చేస్తోంది. పిల్లలు ముందు అవ్వ దగ్గరికే ఎందుకు పరుగెత్తుతారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఉగ్గాని చేయనివ్వడం

చేయగలననే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త వివరించాడు. తానే పని చేసి గెలవడం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, నమ్మకమున్న మనిషి ‘నీవల్ల అవుతుంది’ అనడం, ఒళ్ళు వణకడం, గుండె దడ లాంటి వాటిని పిల్లవాడు ఎట్లా అర్థం చేసుకుంటాడనేది. ఈ నాలుగింటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనదని ఆయన మాట. మనమేమో మూడోదాని మీదే బతుకుతున్నాం.

ఒక ఇంట్లో కళ్ళారా చూసిన సంగతి చెప్తాను. తొమ్మిదేళ్ళ పాప ఆదివారం పొద్దున ఉగ్గాని తానే చేస్తానంది. బొరుగులు గిన్నెలో నీళ్ళు పోసి నానేసింది, ఎర్రగడ్డలు కోయడానికి కూర్చుంది. ఆమెకు ఒక్కో గడ్డ కోయడానికి ఐదు నిమిషాలు పడుతోంది. ఈలోపు బొరుగులు నాని ముద్దయిపోయాయి. పిండితే వేళ్ళ సందుల్లోంచి జారుతున్నాయి. అమ్మ చేయి గరిటె మీదకు పోయింది. ఇట్లాంటప్పుడు చాలా ఇళ్ళల్లో వినబడేది ‘లేయ్, నీకెందుకు ఈ పనులు, గమ్మున పోయి చదువుకో’ అనే మాట. ఈ అమ్మ గరిటె పట్టుకోలేదు. ‘ముందు ఏం చేసుంటే బాగుండేది?’ అని అడిగింది. పాప కాసేపు గిన్నెలోకి చూసి, ‘ఎర్రగడ్డలు కోసినాక నానేసుండాల’ అంది. పోపులో పసుపు, కరేపాకు, పచ్చిమిరపకాయలు పడ్డాయి, పైన పప్పులపొడి. ఉగ్గాని పాయసంలా వచ్చింది. నాన్న తిన్నాడు. ‘అబ్బా, ఎంత బాగుందో’ అని అబద్ధం చెప్పలేదు. ‘ఉప్పు, కారం సరిగ్గా పడినాయి. బొరుగులు మెత్తబడినాయి’ అన్నాడు. తర్వాతి ఆదివారం ఆ పాప ముందు అన్నీ కోసి పళ్ళెంలో వరసగా పెట్టుకుని, పోపు వేగిన తర్వాతే బొరుగులు నీళ్ళలో ముంచి తీసింది.

ఆ రెండో ఆదివారం ఆమెకు వచ్చింది పొగడ్తతో వచ్చే ధైర్యం కాదు. ఎక్కడ తప్పిందో తానే పట్టుకుంది, తానే దిద్దుకుంది. ఇంకెప్పుడైనా ఏ పని చెడిపోయినా ‘ముందు ఏం చేసుండాల’ అని వెతుక్కునే దారి ఒకటి ఆమెకు దొరికింది. అమ్మ చేసిన పని చిన్నదేం కాదు. పావుగంట ఓపిక, గ్యాస్ పొయ్యి మీద ఒక కన్ను, చేయి మాత్రం దూరం. పొద్దున్నే బస్సు పట్టుకుని కూలికో ఫ్యాక్టరీకో పోయే తల్లికి వారంలో ఆరు రోజులూ ఈ ఓపిక ఉండాలని అడగడం అన్యాయం. ఒక్క రోజు, ఒక్క పని చాలు.

మగపిల్లలకు ఈ అవకాశం బయట దొరుకుతుంది. మోటారు ఆన్ చేసి రావడం, సొసైటీలో ఎరువు సంచి తీసుకురావడం, బ్యాంకులో ఫారం నింపడం. ఆడపిల్లలకు ఇంటి పని దొరుకుతుంది కానీ అది వంతు ప్రకారం చేయవలసిన చాకిరీగా దొరుకుతుంది, తాను ఎంచుకుని నేర్చుకున్న పనిగా కాదు. పెద్దమనిషి అయిన తర్వాతయితే ఒక్కతే అంగడికి పోవడం కూడా ఆగిపోతుంది. ఆపైన కాలేజీలో చేరేటప్పుడు ‘దీనికి బస్సెక్కడం కూడా రాదు’ అంటారు. ఎక్కనిచ్చింది ఎవరు?

తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం అన్న రెండోదాని బలం మన సీమలో కళ్ళకు కడుతోంది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ పల్లె పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్ నేర్పిస్తోంది. ఆ మైదానంలో ఆడి పెరిగిన బారెడ్డి అనూష 2023లో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన మహిళల జట్టులో ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి కడప జిల్లా పిల్ల. ముంబై నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన తార ఎంత గొప్పదైనా పల్లె పిల్లకు అది టీవీలో బొమ్మ. మన యాసలో మాట్లాడే పిల్ల, మన లాంటి ఇంట్లో పెరిగిన పిల్ల చేస్తే, ‘నేనెందుకు చేయలేను’ అన్న ప్రశ్న వస్తుంది. ఇందుకు ప్రపంచకప్పే అక్కర్లేదు. మన వీధిలో డిగ్రీ చదివి ఉద్యోగం తెచ్చుకున్న అక్కను ఒక సాయంత్రం బడికి పిలిపించి, ఆమె ఫెయిలయిన సబ్జెక్టు గురించి కూడా చెప్పిస్తే చాలు.

600కు ఎంత

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించిన సర్వేలో దేశమంతటా ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3.79 లక్షల మంది పిల్లలను అడిగారు. ఆందోళనకు కారణం చదువు, పరీక్షలు, ఫలితాలేనని 81 శాతం మంది చెప్పారు. క్లాసులో ప్రశ్న అడగడానికి సంకోచిస్తామని 28 శాతం మంది చెప్పారు. ఈ రెండో అంకె టీచర్లుగా మాకు తగలవలసింది. ప్రశ్న అడిగితే ‘ఇది కూడా తెలీదా’ అని ఒక్కసారి నవ్వినా సరే, ఆ పిల్లవాడు ఏడాదంతా చేయి ఎత్తడు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం కర్నూలు, కడప, అనంతపురం సర్కిళ్ళలో ఫ్లెక్సీలు లేస్తాయి. 600కు ఇంత వచ్చిందని ఒక ముఖం, దాని చుట్టూ చిన్న చిన్న ముఖాలు. ఆ బడిలో చదివిన మిగతా వందల మంది ఎక్కడా ఉండరు. బంధువుల ఫోన్లు మొదలవుతాయి. ‘ఎంత?’ అనే ఒక్క మాటే పలకరింపు. ఆ నాలుగు రోజులు ఇంట్లో ఏం మాట్లాడతారన్నది పిల్లలు జీవితాంతం మోస్తారు. తప్పినవాళ్ళకు నెల తిరక్కముందే సప్లిమెంటరీ ఉంటుంది, సర్టిఫికెట్టులో ఏడాది పోదు. ఈ సంగతి ఫలితాలు రాకముందే ఇంట్లో తీరిగ్గా చెప్పుకోవాలి. వచ్చిన తర్వాత, అరుపుల మధ్యలో, ఎవరూ వినరు.

పోలిక మార్కుల్లోనే ఆగదు. ‘అక్క తెల్లగా ఉంది, ఇది నల్లగా పుట్టింది’ అని పాప ముందే చుట్టాలు అంటారు, ఇంట్లోవాళ్ళు ఇబ్బందిగా నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు పాపకు ఒప్పుకోలుగా వినబడుతుంది. ‘మా పాపను అట్ల అనొద్దండి’ అని అమ్మో నాన్నో ఒక్కసారి, మర్యాదగానే, పాప వినేట్టు అంటే చాలు. తన తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడని తెలిసిన పిల్ల ఎవరేమన్నా తట్టుకుంటుంది. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అందరి ముందు మొద్దు అనడం, రంగును బట్టో కులాన్ని బట్టో ఇంటి పనిని బట్టో పేరు పెట్టి పిలవడం దాని కిందికే వస్తాయి.

ధైర్యం లేకనా, పాఠం అందకనా

కొన్నిసార్లు లోపం పిల్లవాడి మనసులో ఉండదు, మనం అక్కడ వెతుకుతూ కూర్చుంటాం. మడకశిర, రాయదుర్గం వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ ఇళ్ళున్నాయి. తండాల నుంచి లంబాడీ మాట్లాడే పిల్లలు వస్తారు. బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఇన్ని మాటల మధ్య నలిగే పిల్లవాడు నోరు తెరవకపోతే సిగ్గరి అని రాసేస్తాం. అదే జవాబును తన ఇంటి మాటలో చెప్పనిచ్చి, తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చుకోనిస్తే వాడే మొదట చేయెత్తుతాడు.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు, ఇంకో కథ. వానాకాలం పైరు అయిపోగానే ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి పోతాయి. గుంటూరు మిరపకోతలకు, పత్తి తీతకు. కొందరు పిల్లలు అవ్వతాతల దగ్గర, సీజనల్ హాస్టళ్ళలో ఉండిపోతారు. కొందరు అమ్మానాన్నలతోనే పోయి ఎండాకాలం ముందు తిరిగొస్తారు. వచ్చేసరికి క్లాసు భిన్నాలు దాటి దశాంశాలు దాటి ఎక్కడికో పోయింటుంది. వెనక బెంచీ వాళ్ళదవుతుంది. నాలుగు నెలల్లో వాళ్ళు కొత్త ఊళ్ళో గుడారం వేసుకుని బతికారు, తమ్ముణ్ణి చూసుకున్నారు, కోసిన మిరపకాయ తూకం దగ్గర మోసపోకుండా లెక్క చూశారు. వీళ్ళకు ‘నీలో శక్తి ఉంది’ అని మోటివేషన్ క్లాసు పెట్టడం అవమానం. శక్తి ఉందని వాళ్ళకు తెలుసు. తప్పిపోయిన భిన్నాల పాఠం ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. ‘సుగ్గిలో ఏం చూసినావు, తూకం ఎట్లా వేస్తారు?’ అని అడిగి, ఆ లెక్క మీదుగానే పాఠంలోకి తీసుకొస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. పాఠమూ వస్తుంది, తాను చూసొచ్చిన బతుక్కి బడిలో విలువుందని కూడా తెలుస్తుంది.

ఓడినప్పుడు లోపల వినబడే గొంతు

తనను తాను ఇష్టపడటం అనేది గెలిచినరోజు తెలియదు. ఓడినరోజు పిల్లవాడు తనతో తాను ఏం మాట్లాడుకుంటాడన్నదే దానికి పరీక్ష. క్రిస్టిన్ నెఫ్ అనే పరిశోధకురాలు 2003 నుంచి దీని మీదే పనిచేస్తోంది. తన మీద తాను దయగా ఉండటం, ఇది నా ఒక్కడికే కాదు మనుషులందరికీ జరిగేదేనని గుర్తించడం, బాధను దాచకుండా అందులో మునిగిపోకుండా చూడగలగడం అని ఆమె మూడు ముక్కలు చెబుతుంది. పిల్లలు ఈ గొంతును పుస్తకంలో నేర్చుకోరు. మనం వాళ్ళతో మాట్లాడిన తీరే కొన్నేళ్ళకు వాళ్ళ లోపలి గొంతవుతుంది. మన గురించి మనం మాట్లాడుకునే తీరు కూడా. కూర మాడితే ‘నా బతుకే ఇంత’ అని తల కొట్టుకునే అమ్మను, పంట పోతే వారం రోజులు ఎవరితోనూ మాట్లాడని నాన్నను పిల్లలు చూస్తూనే ఉంటారు. వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల మీద బతికే మనకు ఓటమి కొత్త కాదు. పోయిన ఏడు సెనక్కాయ పోయినా ఈ ఏడు మళ్ళీ విత్తనం వేసిన రైతు, ఎందుకు వేశాడో, ఎంత భయపడ్డాడో, ఎవరు సాయం చేశారో బిడ్డకు కూర్చోబెట్టి చెబితే అంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

దయ అంటే అన్నిటికీ సరే అనడం కూడా కాదు. హద్దులు స్పష్టంగా ఉన్న ఇళ్ళల్లో పిల్లలకు ఆత్మగౌరవం ఎక్కువని 1967లోనే స్టాన్లీ కూపర్‌స్మిత్ గమనించాడు. ‘ఫోను తొమ్మిదింటికి పక్కన పెట్టాల’ అని చెప్పవచ్చు, మాట మీద నిలబడవచ్చు. ‘ఫోను పట్టుకుని చచ్చినావు, నువ్వు బాగుపడవు’ అనకుండా ఉండవచ్చు. చేసిన పనిని తప్పుపట్టినప్పుడు పిల్లవాడు దాన్ని మార్చుకోగలడు. పుట్టుకనే తప్పుపడితే మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఎప్పుడు ఇంకొకరి సాయం కావాలి

కొన్ని ఇంటి ఓపికకు లొంగవు. రెండు మూడు వారాలుగా నిద్ర, తిండి తగ్గిపోవడం, ఇష్టమైన ఆట కూడా మానేయడం, బడి పేరెత్తితే కడుపునొప్పి, ‘నేను లేకుంటే మీకు బాగుంటాది’ లాంటి మాట. ఆ చివరి మాట వినబడితే బెదిరింపు అనుకోవద్దు, ఆ రోజే కదలాలి. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు, ఏ వేళకైనా పలుకుతుంది. ఇంట్లోనో బడిలోనో ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా పిల్లలే స్వయంగా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయవచ్చు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. ఊళ్ళో పిచ్చి అంటారేమోనన్న భయంతో ఆగిపోయిన తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే, జ్వరం కొలిపించడానికి ఎవరి అనుమతీ అడగం కదా.

బొత్తిగా వేరే కారణాలూ ఉంటాయి. అక్షరాలు తారుమారుగా కనిపించే, ఎంత చదివినా కూడి చదవలేని పిల్లలను సోమరులని కొట్టడం ఇంకా పోలేదు. ఇది చదువుకు సంబంధించిన వైకల్యమని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే గుర్తించింది. ఇంకా మామూలు సంగతి, చూపు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వచ్చి పిల్లల కళ్ళు, చెవులు పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లవాడు బడి ఎగ్గొట్టకుండా చూడాలి. బోర్డు మీద అక్షరం కనబడని పిల్లవాడు అడిగినప్పుడల్లా తప్పే చెబుతాడు, రెండుమూడు సార్లు నవ్వులపాలయ్యాక చెప్పడమే మానేస్తాడు. వాడికి ధైర్యం నూరిపోసే ముందు కళ్ళద్దాలు అవసరమేమో చూపించండి.